జరీ పోగు కట్టిన యాంటెనా

2023 ఎండాకాలం, గద్వాల. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నన్ను డిష్‌లు, ఇంటర్నెట్ కనెక్షన్లు బిగించే పనికి కంపెనీ అక్కడ వేసింది. ఆ పనిలో సగం నిచ్చెన ఎక్కడం, సగం తిట్లు పడటం. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ఒక నేతకారుల ఇంట్లో డిష్ సరిచేసి, ఫోన్‌లో పని పూర్తయిందని నొక్కుతుంటే ఇంటావిడ మాణిక్యమ్మగారు ఆపారు.

"బిడ్డా, జర గీ రేడియో గూడ చూస్తవా? కర్నూలు ఎఫ్.ఎం. పట్టుకుంటే పలుకుతది, ఇడిస్తే గురగుర అంటది."

మగ్గం గదిలో ఇనుప బీరువా మీద చిన్న బ్యాటరీ రేడియో. దాని యాంటెనాకు జరీ పోగు ముడేసి, మగ్గం మీదుగా లాగి కిటికీ చువ్వకు చుట్టారు. నాకు నవ్వాగలేదు.

"ఇదెవరు కట్టారమ్మా?"

మగ్గం గుంటలోంచి ఆమె భర్త వీరేశంగారు తలెత్తారు. "నేనే. ఏం, నీ వైర్ల రాగి ఉంటది, నా జరీల వెండి ఉంటది. ఏది గొప్ప?"

"చీరకైతే మీదే గొప్ప అంకుల్. లోపలంతా పట్టుదారమే కదా, వెండి పైన చుట్టిందే. పైగా మీరు నేస్తూ మగ్గం పలక కొట్టినప్పుడల్లా ఆ పోగు ఊగుతుంది. ఊగినప్పుడల్లా సిగ్నల్ చెదిరిపోతుంది."

"పట్నం సారుకు అన్ని ఎరుకే," అని ఆయన మళ్ళీ తల వంచుకున్నారు.

నేను ఫోన్ తీసి యాప్‌లో అదే స్టేషన్ పెట్టాను. ఎవరిదో గొంతు గంటలా వినిపించింది. "చూడండి. ఈ కాలంలో రేడియో ఎవరు వింటారమ్మా? యాప్ పెట్టుకోండి."

"నీ ఫోను నీతోనే పోతది గద బిడ్డా."

ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోన్. ఇంకో రెండిళ్ళ పని మిగిలుంది, ఎండ మండుతోంది. "అయితే మీ పిల్లల్ని అడిగి మంచి ఫోన్ కొనిపించుకోండి!" అని గట్టిగానే అన్నాను.

వీరేశంగారు గుంటలోనే మొహం అటు తిప్పుకున్నారు. నేను నిచ్చెన తీసుకుని వాకిట్లోకి వస్తే ఆమె వెనకే వచ్చి, లోపలికి వినబడకుండా చెప్పారు.

"అండ్ల మాట్లాడేది నా బిడ్డనే. స్వాతి. మూడింటికొస్తది. మగ్గం మీద కూసోను, రేడియోల చేస్త అన్నది. గట్లయితే నా గడప తొక్కకు అన్నడు ఈయన. పోయి రెండేండ్లాయె. నేను ఫోన్ జేస్తే ఎత్తదు. గిండ్ల ఇనుడే."

"అంతసేపూ అలా పట్టుకునే నిలబడతారా?"

"చెయ్యి గుంజుతది. అయినా ఇడ్వబుద్ధి గాదు."

నిచ్చెన ఆ ఇంటి గోడకే మళ్ళీ వేశాను. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, తీయలేదు.

ఎఫ్.ఎం. సిగ్నల్ దాదాపు మన చూపులాంటిది. తిన్నగా వస్తుంది, ఎత్తు ఉంటే దూరం నుంచీ అందుతుంది. ఆ ఇంటికి రేకుల కప్పు, లోపల ఇనుప బీరువా. దూరం నుంచి అలసిపోయి వచ్చే సిగ్నల్‌కు అవి రెండూ అడ్డం. ఆమె పట్టుకుంటే పలకడం కూడా వింతేమీ కాదు. మనిషి ఒళ్ళే యాంటెనాకు తోడవుతుంది. ఇన్నాళ్ళూ కర్నూలు మాటను ఇంట్లోకి లాగింది ఆమె ఒళ్ళే.

దీనికి మందు డైపోల్ యాంటెనా. రెండున్నర అడుగుల చొప్పున రెండు అల్యూమినియం కడ్డీలు, చాచిన చేతుల్లా ఉంటాయి. మధ్యలోంచి కేబుల్ దిగుతుంది. నా దగ్గరున్న పాత కడ్డీలు కోసి, పీవీసీ పైపుకు బిగించి, కప్పుకంటే బాగా ఎత్తున నిలబెట్టాను. ఫోన్‌లో దిక్సూచి చూసి వెడల్పు వైపు ఆగ్నేయానికి, కర్నూలుకు, తిప్పాను. రేకు తగిలి మోకాలు కాలింది. తిట్టుకున్నాను, కానీ దిగలేదు.

కిందికొచ్చి జరీ పోగు విప్పి, కేబుల్‌ను క్లిప్పుతో రేడియోకు తగిలించాను. పాట గరగర లేకుండా వచ్చింది. మాణిక్యమ్మగారు అలవాటుగా చేయి చాపారు.

"పట్టుకోవద్దమ్మా. వెళ్ళి కూర్చోండి."

ఆమె నమ్మకం లేనట్టు వెనక్కి చూస్తూనే మగ్గం దగ్గరికి వెళ్ళారు. గద్వాల చీరకు రెండు వైపులా అంచు. ఒక అంచు దగ్గర ఆమె, రెండో అంచు దగ్గర ఆయన. ఒకరు లేస్తే రెండోవారి చేయీ ఆగాల్సిందే. నాకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఆమె రేడియో పట్టుకుని నిలబడిన ప్రతిసారీ ఈయన పని కూడా ఆగింది. ఒక్కసారైనా ఆయన ఆమెను మగ్గం దగ్గరికి రమ్మని పిలిచినట్టు లేదు.

మూడయింది. పాట ఆగి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. "నమస్కారం. ఎండలు ముదిరాయి, నీళ్ళు బాగా తాగండి. పనిలో ఉన్నవాళ్ళు కాసేపు నడుం వాల్చండి..."

మాణిక్యమ్మగారు దారం కండె ఉన్న నాడెను ఆయన వైపు వేశారు. అటు నుంచి నాడె రాలేదు.

"ఏంది, ఆపినవ్?" అన్నారామె.

"దారం తెగింది," అన్నారు వీరేశంగారు తలెత్తకుండా.

నేను నిలబడిన చోటి నుంచి ఆయన అంచు మొత్తం కనిపిస్తోంది. ఏ దారమూ తెగలేదు. ఆమెకూ తెలుసు. "సరే, నిమ్మళంగ అతుకు," అని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు, మధ్యలో సగం నేసిన చీర.

సంచి సర్దుకుని చప్పుడు చేయకుండా బయటికొచ్చాను.

ఆ తర్వాత వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో కూడా పాత రేడియోలు నా ముందుకొచ్చాయి. యాప్ ఉంది కదా అన్న మాట మళ్ళీ నా నోట రాలేదు. కోపం తగ్గిందని కాదు, అది అలాగే ఉంది. కాకపోతే ఏ స్టేషన్ కావాలి అని అడిగే ముందు, ఎవరి గొంతు వినాలి అని అడుగుతున్నాను.