నాడి చూసినాయన

ఉప్పల్‌లో నాచారం బస్సెక్కినంక ఎండకు నాకు కండ్లు తిరిగినయి. పక్క సీట్ల ఉన్న ముసలాయన నా మణికట్టు పట్టుకొని, గడియారం చూసుకుంట నాడి లెక్కపెట్టిండు.

"ఫికర్ లేదు బిడ్డా, జర నీళ్లు తాగు" అన్నడు.

"డాక్టరా మీరు?" అని అడిగిన.

"సర్కారు దవాఖానాల కాంపౌండర్‌గ జేసి రిటైరైన. టెర్రరిస్టులని అనుమానమున్నోళ్లను పట్టుకొస్తే పోలీసోళ్లు నన్ను పిలిచేటోళ్లు. కొట్టుడు ఆపి నాడి సూడమనేటోళ్లు. మనిషి ఇంకా తట్టుకుంటడా లేదా చెప్పుడే నా పని."

నా చెయ్యి ఇంకా ఆయన చేతిలనే ఉంది. గుంజుకున్న.

"మీరేం చెప్పేటోళ్లు?"

"ఉన్నదే చెప్పిన. ఒకాయనకు నాలుగుసార్లు సూసిన. నాలుగుసార్లూ తట్టుకుంటడనే చెప్పిన. తర్వాత తెలిసింది, వాళ్లు ఎతికే మనిషి ఆయన కాదట. పేరొక్కటే కలిసిందట."

"మరి మీకేమనిపించలేదా?"

"దేశం కోసం గద బిడ్డా! అయినా నేనొక్క దెబ్బ గూడ కొట్టలే."

నాచారం ఇంకా రెండు స్టాపులుండంగనే దిగిపోయిన.

బస్సు కదులుతుంటే ఆయన కిటికీలకెళ్లి "పైలం బిడ్డా" అని చెయ్యి ఊపిండు. అలవాటుకొద్దీ నేను గూడ ఊపిన.

అట్ల ఊపినందుకు నా మీద నాకు ఇప్పటికీ రోతే.