ఆ రైతు పొలం ఎవరు చూశారు?

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో చదువుకున్న రోజుల్లో నాకు గది అద్దెకిచ్చిన అంకుల్ ఆదివారం పోయారు. చర్చి గ్రూపులో మెసేజ్ చూసి కారు దిగబుద్ధి కాక అలాగే కూర్చున్నాను. ముందు గుర్తొచ్చింది ఆయన అందరినీ అడిగే ప్రశ్నే.

బాపట్ల వైపు మనిషి. అక్కడి యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో, సరిహద్దు అడవిలో చెట్లు కొట్టి పొలం చేసుకున్న రైతు ఒకడుండేవాడట. చుట్టుపక్కల వాళ్లు ఎన్నుకుంటే గుర్రమెక్కి శాసనసభకు వెళ్లాడు. అతని మీద అంకుల్ పుస్తకం రాస్తుండేవారు. సభలో ఏ రోడ్డు అడిగాడో, దేనికి చెయ్యెత్తాడో అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప.

“నెలల తరబడి సభలో కూర్చుంటే ఇంటి దగ్గర మొక్కజొన్న ఎవరు చూశారమ్మా?” కుళాయి బాగుచేయడానికొచ్చిన ప్లంబర్‌నీ వదల్లేదు.

“ఇంకెవరండీ, వాళ్లావిడే,” అనేవారు ఆంటీ వంటింట్లోంచి.

“ఎవిడెన్స్ ఏదీ? గెస్ చేసి బుక్‌లో రాసేస్తానా?”

పేరైనా తెలియని ఆ ఇల్లాలిని పుస్తకంలోకి తేవాలని ఆయన ప్రాణం కొట్టుకునేది. కానీ ఆధారం లేనిదే ఒక్క ముక్క రాయరు. నా వ్యాసాల్లో ‘బహుశా’ కనబడితే చాలు, ఎర్రగీత పడేది. చివరికి ఆ కాలపు సాగు సంగతేమిటో చూద్దామని పెరట్లో మొక్కజొన్న వేశారు, మొదళ్లలో చిక్కుడు, మధ్యలో గుమ్మడి. మొలకలు లేచీ లేవకముందే, పాత కాగితాలు చూడటానికి అమెరికాలో అనుమతి దొరికింది. ఎగురుకుంటూ వెళ్లిపోయారు!

ఆంటీ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం మార్చకుండానే నీళ్లు పట్టేవారు. కాకటూలనే తెల్ల చిలుకలు కంకుల మీద వాలితే గరిటెతో పళ్లెం వాయించేవారు.

“మీ అంకుల్‌కి ఫోన్‌లో ఏం చెప్పకు. వెతుక్కోనీ, పాపం,” అని నవ్వేవారు.

అంకుల్ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పెట్టె దారిలోనే వదిలేసి పెరట్లోకి నడిచారు. చేను ఆయనకంటే ఎత్తుగా ఉంది.

“ఇదంతా ఎవరు చూశారు?”

“ఇంకెవరండీ,” అన్నారు ఆంటీ.

అంకుల్ పెరటి మెట్ల మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. “ఇది ఎవిడెన్స్ కాదు. నువ్వు రాస్తే ఫెయిల్ చేస్తా,” అన్నారు నాతో. తర్వాత పుస్తకం వచ్చింది. మొత్తంలో ఒక్కచోటే ‘బహుశా’ ఉంది, ఆ రైతు భార్య దగ్గర. అంకుల్ అంటే నాకు ఎంత ఇష్టమో ఆ పేజీ చూసినప్పుడే తెలిసింది.

నిన్న ఆంటీకి ఫోన్ చేశాను. అంకుల్ ఈసారీ మొక్కజొన్న వేశారట.

“ఉండమ్మా, పిట్టలొచ్చాయి,” అన్నారు ఆంటీ. అవతల తలుపు తెరుచుకుంది. పళ్లెం మోగుతూనే ఉంది, చాలాసేపు.