ఎండ సారు షామియానా

ఎల్లారెడ్డిలో మజహర్‌ను ఎండ సారు అంటారు. హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా ఊరూరా బావుల్లో బ్లీచింగ్ పొడి చల్లిన మనిషికి మిగిలిన బిరుదు ఇదొక్కటే. "బిరుదు కాదు, అరికాలి బొబ్బ" అని ఆయనే సరిదిద్దుతాడు.

అది ఎనభై ఆరు వేసవి. దవాఖాన వరండాలో క్షయ రోగులు కూర్చునే చోటే ఒక బీడీల డబ్బా కొట్టు వెలిసింది. మందు మింగడానికి వచ్చినవాళ్లు పొగ మింగి పోతున్నారు. వాళ్లలో మంగవ్వ ఒకతె. బీడీలు చుట్టి బతుకుతుంది.

"చుట్టేది నేనే, దగ్గేది నేనే. మందుకొస్తే ఈడ గూడ పొగనేనా సారూ?"

డబ్బా లేపిస్తానని మజహర్ మాటిచ్చాడు. అందుకు గ్రామసభ తీర్మానం కావాలి. డబ్బా పెట్టించింది బీడీ కార్ఖానా సేటు రాజేశం. యుద్ధధర్మం పాటించి, మజహర్ స్వయంగా వెళ్లి శత్రువుకు సభ కబురు చెప్పాడు. శత్రువు మురిసిపోయాడు.

"మంచి పని సాబ్! ఎండలు మండుతున్నయి, జనం ఎట్ల కూసుంటరు? షామియానా నాది, కుర్చీలు నావి, చాయ్ నాది. మీరు ముచ్చట చెప్పుండ్రి, చాలు."

తన వాక్ప్రతిభకు కార్ఖానాయే లొంగిందని మజహర్ ఇంట్లో ప్రకటించాడు.

"పిల్లి షామియానా ఏస్తే ఎలుకకు పెండ్లా?" అన్నది భార్య రాబియా.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. నీడ ఇచ్చినవాడిదే నడిమి కుర్చీ, వాడిదే మొదటి మాట. సభనాడు రాజేశం నడుమ కూర్చున్నాడు. నడి వేసవిలో మజహర్‌కు శాలువా కప్పాడు. ఆపైన లేచాడు.

"డబ్బా లేపితే చుట్టే ఆడోళ్ల కడుపు కాలుతది. డబ్బా ఉంటది, దవాఖానకు కార్ఖానా తరపున సిమెంటు బెంచీ వస్తది. మన సాబ్ గూడ ఒప్పుకున్నడు!"

చప్పట్లు మోగాయి. మజహర్ భుజం మీద రాజేశం శాలువా, చేతిలో రాజేశం చాయ్, కింద రాజేశం కుర్చీ. రాజేశానిది కానిది గొంతొక్కటే, అదీ రాజేశం చాయే మింగుతోంది.

వెనక నుంచి దగ్గు వినిపించింది. మంగవ్వ లేచింది.

"దేశమంత అమ్మేటోనికి దవాఖాన వరండనే కావాల్నా? సారూ, నువ్వు మా దిక్కున్నవా, శాలువ దిక్కున్నవా?"

మజహర్ శాలువా తీసి, సన్మానం దేనికి తగునో దానికి, అంటే కుర్చీకి కప్పాడు. "సర్పంచ్ సాబ్, గీ నీడ సేటుది. దవాఖాన మనది. దాని ముచ్చట ఎండలనే మాట్లాడుదాం" అని చరచరా బయటికి నడిచాడు.

చారిత్రక ఘట్టమే. కాకపోతే చెప్పులు జంపఖానా అవతలి కొసన ఉండిపోయాయి. వెనక్కి పోయి తొడుక్కుంటే ఘట్టం చెడుతుంది. కాలు మార్చి కాలు ఎత్తుతూ నిలబడ్డాడు. మంగవ్వ వచ్చి పక్కన నిలిచింది. ఆమె వెనక బీడీలు చుట్టే ఆడవాళ్లు, వాళ్ల వెనక తువ్వాల నెత్తిన వేసుకుని సర్పంచ్ గంగారాం, ఆ తర్వాత జనం.

మజహర్ సిద్ధం చేసుకున్న ఉపన్యాసం పొగాకు పుట్టుపూర్వోత్తరాలతో మొదలవుతుంది. అరికాళ్లు ఒప్పుకోలేదు.

"డబ్బా పోవాలె! పొగ పోవాలె! సేటు బెంచీ వద్దు! ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి, జల్ది!"

ఆ ఎండలో జనానికీ జల్దీయే కావాలి. చేతులన్నీ లేచాయి. సాయంత్రానికి డబ్బా కూడా లేచింది.

ఆవేశంతో సారు ఊగిపోయాడని ఊరంతా చెప్పుకుంది. కారణం తెలిసింది మంగవ్వ ఒక్కతెకే.

"ఇగ చెప్పులు తొడుక్కో సారూ," అన్నదామె. "మల్ల మాట్లాడేటప్పుడు గూడ ఇడిసే రా. జల్ది అయితది."