ఖాసింబీ చిగుళ్ల మీద నల్లగీత

1938లో నేను గిద్దలూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. డాక్టరుగారు తాలూకా అంతా తిరిగేవారు కాబట్టి ఆయన లేని రోజుల్లో వార్డుకు నేనే దిక్కు. నా నోటికి అందరూ జంకేవారు. ఆ జంకు నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఒకనాడు మౌలాబీ అనే ఆమె కోడలు ఖాసింబీని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలికి ఐదో నెల. అంతకు ముందు రెండుసార్లు ఏడో నెలలోనే కడుపు పోయింది. భర్త మస్తాను నల్లమల దారిలో రైలు వంతెనలకు రంగు పూసే కూలి.

"ఇది మూడోది నర్సమ్మా. దీన్నన్నా నిలబెట్టు," అంది మౌలాబీ, కోడలి చెయ్యి వదలకుండానే.

అమ్మాయి పాలిపోయి ఉంది. ఎనీమియా, అంటే రక్తం తక్కువ. నోరు తెరిపించి చూస్తే పళ్లకు ఆనుకుని చిగుళ్ల అంచున సన్నటి నల్లగీత కనిపించింది. తురకల ఆడవాళ్లు కొందరు పళ్లకు, చిగుళ్లకు మిస్సీ అనే నల్లపొడి పెట్టుకుంటారు. అదేననుకుని అడిగాను.

"నికా అయినప్పుడు పెట్టినారు. వాంతి వస్తాందని అప్పుడే మానేసినా," అంది ఖాసింబీ.

అయితే ఈ గీత మిస్సీది కాదు. మద్రాసులో చదివేటప్పుడు, అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే ఒకాయన నోట్లో ఇట్లాంటి గీతే చూపించారు. దాన్ని లెడ్ లైన్ అంటారు. ఒంట్లో సీసం చేరితే పడే గీత అది. తల్లి ఒంట్లో చేరిన సీసం కడుపులో బిడ్డను బతకనివ్వదని కూడా అప్పుడే చెప్పారు.

మర్నాడు డాక్టరుగారు చూసి సీసమేనన్నారు. "ఎక్కడినుంచి వస్తున్నదో కనుక్కోమ్మా. అది ఆగకపోతే మన మందులు దండగ," అన్నారు.

నా అనుమానం మస్తాను మీదికే పోయింది. వంతెనలకు పూసేది రెడ్ లెడ్, సీసంతో చేసిన ఎర్రపొడిని నూనెలో కలిపిన రంగు. కానీ అతన్ని పిలిచి చూస్తే గీత ఉండీ లేనట్టుంది. రోజంతా రంగులో మునిగేవాడికన్నా ఇంట్లో ఉండే పిల్లకు ఎక్కువెట్లా పట్టింది? ఆ సంగతి తేల్చుకోవడానికి స్టేషను వెనక వీధిలో వాళ్లింటికి పోయాను.

అందరిదీ ఒకటే తిండి, ఒకే కుండలో నీళ్లు. విసుగొచ్చి, "నువ్వొక్కదానివే తినేది ఏమీ లేదా?" అని గద్దించాను.

ఖాసింబీ సిగ్గుపడింది. "చింతకాయ తొక్కు. మామూలప్పుడు నాకు సహించదు. కడుపుతో ఉంటేనే మనసవుతాది. అందుకే అత్త నాకోసరం దాస్తాది."

మౌలాబీ సంబరంగా అటక మీదినుంచి ఒక డబ్బా దించింది. "కోడలు కాపరానికొచ్చిన ఏడే జాడీ పగిలిపోయింది, అప్పట్నుంచి దీంట్లోనే పెడ్తన్నా. చీమ గూడా దూరదు. బూడిదేసి బాగా తోమినా."

గరిటె కాడతో లోపలి అంచు గీకాను. ఎర్రటి పెచ్చు రాలింది.

"అది రెడ్ లెడ్ డబ్బానే," అన్నాడు గుమ్మంలో నిలబడి చూస్తున్న మస్తాను. "ఖాళీ అయినవి మాకే ఇడిచిపెడ్తారు. ఈ వీధిలో ఇంటింటికీ ఉన్నాయి."

నలుగురికీ వినిపించేట్టు తిట్టాలనుకున్నాను. మౌలాబీ మొహం చూసి మానుకున్నాను. ఆమె గోడకు చేరగిలబడి, "నా చేత్తోనే పెట్టినా గదా," అంది.

"తప్పు నీ చేతిది కాదు పెద్దమ్మా, డబ్బాది. పులుపు ఆ రంగును కరిగించి తనలో కలుపుకుంది," అన్నాను.

డబ్బా పారేయించాను. పనిబట్టలు ఇంటికి తేవద్దని, ఒళ్లు కడుక్కున్నాకే గడప తొక్కమని మస్తానుకు గట్టిగా చెప్పాను. ఖాసింబీకి పాలు, గుడ్లు, ఐరన్ మిక్చరు. అయినా ఒంట్లో చేరిన సీసం ఒక్కరోజులో పోదు. ఏడో నెల వచ్చాక నాకు అన్నం సయించలేదు. ఆమె పొట్ట మీద చెక్క గొట్టం పెట్టి బిడ్డ గుండె చప్పుడు వింటుంటే మౌలాబీ పక్కకు వంగి అడిగేది.

"కొట్టుకుంటాందా?"

"నీ గుండెకన్నా గట్టిగా."

ఏడు దాటింది, ఎనిమిది దాటింది. తొమ్మిదో నెలలో ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత. మొదట చప్పుడు లేదు. వీపు రుద్దాను, అరికాళ్లు తట్టాను. అప్పుడు ఎత్తుకుంది రాగం, వరండాలో ఉన్న మస్తాను లేచి నిలబడేంతగా. నేను కూడా ఏడ్చాను. దాచుకోవలసిన పని లేదు, అంత సంతోషం నా ఉద్యోగంలో మళ్లీ ఎరగను.

బాలింతను చూద్దామని తర్వాత ఆ వీధికి పోతే దబదబా చప్పుడు. ఇంటింటి డబ్బాలూ కుప్పపోసుకుని మౌలాబీ గునపంతో వాటి అడుగులు పొడుస్తోంది.

"పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుంటారు నర్సమ్మా. చిల్లి పడినాక ఏం దాస్తారో చూస్తా."

ఏం తింటున్నావని గర్భిణులను అడగడం నాకు చదువు నేర్పింది. అది దేంట్లో దాస్తారని అడగడం మాత్రం ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. ఆ రోజు మౌలాబీ చేతిలో గునపం లాక్కుని, మిగిలిన డబ్బాలు నేనే పొడిచాను.