అప్ప కోసం బరువు తగ్గిన టీటీఈ

2022 వేసవి. బిలాస్‌పూర్‌లో మంగ్లా వైపు నేను క్లినిక్ తెరిచి అప్పటికి కొన్నేళ్ళయింది. మావారి ఉద్యోగం బొగ్గు గనుల్లో కావడంతో ఈ ఊరు వచ్చాను కానీ, డైటీషియన్‌గా నాలుగు కుటుంబాలకు తెలిసింది ఇక్కడే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది రైల్వే వాళ్ళు. పెళ్ళిలోపు సన్నబడాలని కొందరు, సుగర్ తగ్గాలని కొందరు వస్తారు. సింహాచలం గారు వచ్చిన కారణం వేరు.

ఆయన టీటీఈ, అంటే రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. నలభై దాటిన భారీ మనిషి. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. కూర్చుంటూనే రిపోర్టులు నా ముందు పెట్టారు.

"మా అప్పకి రెండు కిడ్నీలూ పాడైపోయినాయి మేడమ్. నాది సరిపోద్దన్నారు. గాని ఈ బరువుతో ఆపరేషన్ చెయ్యరట. తగ్గి రమ్మన్నారు."

అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. ఆవిడ పేరు పార్వతి. బిల్హాలో ఉంటారు. డయాలసిస్‌కి లోకల్ రైల్లో బిలాస్‌పూర్ వచ్చి పోతున్నారు. చిన్నప్పుడే తల్లి పోతే సింహాచలం గారిని పెంచింది ఆవిడే. ఆపరేషన్ చేయాల్సిన రాయ్‌పూర్ సర్జన్ అభ్యంతరమల్లా ఈయన బీఎంఐ మీద. ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చెప్పే కొలత అది. అది హద్దు దాటితే దాతకు ఆపరేషన్‌లోనూ ముప్పే, మిగిలిన ఒక్క కిడ్నీకి మున్ముందూ ముప్పే.

మా వృత్తిలో మొదట చేసేది డైట్ రీకాల్. నిన్న లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం తిన్నారో గుర్తు చేయించి చెప్పించుకోవడం. ఆయన దాచకుండా చెప్పారు. పొద్దున స్టేషన్ బయట పోహా, అంటే అటుకుల ఉప్మా, పక్కన జిలేబీ. రైల్లో సమోసాలు, తియ్యటి టీలు. డ్యూటీ ముగిసి నాగ్‌పూర్‌లో దిగాక తోటి టీటీఈలతో ధాబాకి వెళ్ళి వెన్న రాసిన రోటీలు, పనీర్, ఆపైన బిర్యానీ. ఇంటి భోజనం వారంలో ఏ రెండు మూడు పూటలో.

"ఇంట్లోనే తినమని మాత్రం చెప్పకండి మేడమ్. నా డ్యూటీయే బయట."

"చెప్పను. బయటే తినండి. అక్కడ దొరికేవాటిలో ఏది తినాలో, ఎంత తినాలో చూద్దాం," అన్నాను. అంతా విని తలూపి వెళ్ళారు.

కొద్ది వారాల తర్వాత ఆయన రావలసిన రోజున పార్వతి గారు వచ్చారు. డయాలసిస్ నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతికి అంటించిన దూది అలాగే ఉంది.

"నువ్వేనా అమ్మా, మా తమ్ముడి చేత తిండి మాన్పించింది?"

నేను కుర్చీ జరిపి కూర్చోబెట్టాను. ముందురోజు తమ్ముడు బిల్హా వచ్చి గుమ్మంలోనే కళ్ళు తిరిగి కూలబడ్డాడట. ఎన్ని పూటలు తినలేదో ఎంత అడిగినా చెప్పలేదట.

"ఆడిని పస్తులుంచి తెచ్చిన కిడ్నీ నాకొద్దు. డాక్టరుతోనూ అదే చెప్తాను," అన్నారావిడ. గొంతు పెంచలేదు. అందుకే నాకు భయం వేసింది. ఈ ఇద్దరిలో ఎవరు వెనక్కి తగ్గినా ఆపరేషన్ ఉండదు.

ఫోన్ చేస్తే సింహాచలం గారు వచ్చారు. అక్కను చూడగానే తల దించుకున్నారు.

"నేను చెప్పినవి దొరకలేదా?" అని అడిగాను.

"దొరుకుతాయి మేడమ్. అడగడానికే నోరు రాలేదు. అందరిలోకీ ఎక్కువ తినీవోడిని నేను. వెన్న వద్దు, బిర్యానీ వద్దు అంటే ఏటైందిరా అంటారు. తినీసినాను అని చెప్పి రెస్ట్ రూములోనే పడుకునీవోడిని."

"ఉన్నమాట చెప్తే ఏటి?" అన్నారు పార్వతి గారు.

"చెప్పినాక నేను తగ్గకపోతే అప్పా?"

ఆవిడ లేచి, తమ్ముడి చొక్కా కాలర్ సరిచేశారు.

"పదండి, భోజనానికి వెళదాం," అన్నాను.

స్టేషన్ ఎదుటి హోటల్లో కూర్చున్నాం. పార్వతి గారి పథ్యం వేరు, ఆవిడ ముందే తిన్నారు. తమ్ముడి పక్కనే కూర్చుని చూస్తున్నారు. నేను సింహాచలం గారి చేతే ఆర్డర్ చెప్పించాను. తందూరీ రోటీ, "బినా మక్ఖన్", అంటే వెన్న లేకుండా. గట్టి పప్పు, కూర, పెరుగు. ముందు కూర, పప్పు, పెరుగు సగం తిని, తర్వాత రోటీ అందుకోమన్నాను. అన్నం ఒక గిన్నెడు చాలు. దీన్ని మేం పోర్షన్ కంట్రోల్ అంటాం. ఇష్టమైనది మానడం కాదు, పళ్ళెంలో దేనికెంత చోటో మార్చడం.

"కడుపు నిండిందా?" అని అడిగారు పార్వతి గారు.

"నిండిందప్పా."

"నా మీద ఒట్టెయ్యి."

ఒట్టేశారు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, "అచ్ఛా. ఇలగైతే సరే," అన్నారు.

ఆ వారమే నాగ్‌పూర్ నుంచి ఫోన్. "చెప్పీసినాను మేడమ్." విన్నాక బల్ల దగ్గరున్న ఒకాయన బిర్యానీ పళ్ళెం తన వైపు లాక్కుని, సింహాచలం సాబ్ పప్పులో పోపు నూనె తగ్గించమని ధాబా అతనికి కేకేశాడట. ఆనాటి నుంచి ఆ బల్ల మీద మొదటి ఆర్డర్ సింహాచలం గారిదే అయింది.

పోహా మానలేదు, జిలేబీ మానారు. సమోసా బదులు బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించే ఫరా తిన్నారు. రైల్లో వేయించిన శనగలు, ఉడికించిన గుడ్లు, జామకాయలు. వానాకాలంలో ఒక నెల బరువు అస్సలు కదల్లేదు. నిరాశపడి కూర్చున్నారు. మళ్ళీ రీకాల్ చేస్తే, దాహానికి తాగే తియ్యటి లస్సీ బయటపడింది. దాన్ని తిండిగా ఆయన ఎంచలేదు. ఉప్పు మజ్జిగకు మారాక బరువు మళ్ళీ దిగడం మొదలైంది.

చలికాలం ముగిసేసరికి సర్జన్ సరేనన్నారు. ఆపరేషన్ జరిగింది. మత్తు దిగాక సింహాచలం గారు అడిగిన మొదటి మాట, "అప్పకి మూత్రం వస్తోందా?" అని. వస్తోంది, అంటే పెట్టిన కిడ్నీ పనిచేస్తోంది. ఆ కబురు వాళ్ళావిడ ఫోన్లో చెబుతుంటే, క్లినిక్‌లో మనుషులున్నారని కూడా చూడకుండా నేను ఏడ్చేశాను.

పార్వతి గారు ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నారు. సింహాచలం గారు మళ్ళీ డ్యూటీలో ఉన్నారు, బరువు పెరగలేదు. ఆ ధాబా బల్ల దగ్గరి వాళ్ళు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చారు.

బయట తినడమే బతుకైన మనిషికి బయట తినకండి అని చెప్పడం సలహా కాదని ఈ కేసు నాకు నేర్పింది. ఆ హోటల్లోకి మనమూ వెళ్ళాలి. పక్కన కూర్చుని తినేవాళ్ళకు కారణం తెలియాలి. తెలిస్తే వాళ్ళే కాపలా కాస్తారు. నా చేతుల మీదుగా చాలామంది బరువు తగ్గారు. ఈయన తగ్గినందువల్ల ఇంకొక మనిషి బతికింది. నా పనిలో దేనికి గర్వపడతావని ఎవరడిగినా, మొదట ఈ అక్కాతమ్ముళ్ళ గురించే చెబుతాను.