రెండు బిందెల నీళ్లు

“ఆరు బిందెలా? ఇంట్ల బాలింత ఉన్నది, కనిపిస్తలేదా?”

“కనిపిస్తున్నది. ట్యాంకు నిండకుంటె నేను మంట ముట్టియ్య.”

“ఖాళీ డబ్బకు గంత భయమేంది? పెట్రోలుంటె గదా అంటుకునేది.”

“ఖాళీదానికే ఎక్కువ భయం. లోపల పెట్రోలు ఆవిరుంటది, నీళ్లు నిండితెనే పోతది.”

“మూడు దినాలు ఎండల బోర్లేస్తివి. వాసన గూడ లేదు.”

“ముక్కుకు తెల్వదే అది.”

“ఇన్నేండ్లు గిన్నెలకు కళాయి పెడ్తివి, ఏనాడన్న గిట్ల నీళ్లడిగినవా? దొర కారనంగనే నీకు గూడ దొర బుద్ధులొచ్చినయి.”

మా ఆయనా నేనూ వాకిట్లో ఇలా వాదులాడుకున్నది ఒక పెట్రోలు ట్యాంకు గురించి. రాయచూరులో మాది ఇత్తడి గిన్నెలకు తగరం పూత పూసే కళాయి దుకాణం. ఇంటింటా స్టీలు గిన్నెలు వచ్చాక మా గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు. మా ఆయన రేడియేటర్లు అతకడం మొదలుపెట్టినా నెలలో సగం రోజులు కొలిమి చల్లగానే ఉండేది. అప్పటికి నది ఒడ్డున కరెంటు ప్లాంటు నడుస్తోంది. అక్కడి ఇంజనీరు ఒకాయన, కోస్తా మనిషి, యరగేర వైపు ఒక దొరల ఇంట్లో మూలపడి ఉన్న పాత విలాసవంతమైన కారు కొన్నాడు. దాని ట్యాంకు తుప్పు పట్టి అడుగున కారుతోంది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదట. మూడు రోజుల కింద దాన్ని విప్పించి మా వాకిట్లో దింపాడు.

“రేపు పొద్దున్నకల్లా అయిపోవాలండీ. ఇది కుదిరితే మా ప్లాంటు బండ్ల పనంతా మీ దగ్గరికే పంపిస్తాను” అని ఆ పొద్దున మళ్లీ వచ్చి చెప్పి వెళ్లాడు.

ఎండాకాలం. నల్లా మూడు రోజులకోసారి వచ్చేది. నా దగ్గర ఎనిమిది బిందెల నీళ్లున్నాయి. మా కూతురికి కాన్పై పన్నెండు రోజులు. పసిదానికి స్నానం, బాలింతకు వేణ్ణీళ్లు, ఉతకాల్సిన గుడ్డలు. ట్యాంకులో పోసిన నీళ్లు మళ్లీ దేనికీ పనికిరావు, చెట్టుకు పోస్తే చెట్టు కూడా చస్తుంది. నేను మూడో తరగతి దాకే చదివాను. కంటికి కనిపించని ఆవిరి కోసం ఆరు బిందెలు పారబోయడం నా తలకెక్కలేదు. రెండు బిందెలు వాకిట్లో పెట్టి, మిగతా ఆరూ ఉన్న వంటింటికి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నాను.

ఆయన పక్కిళ్లలో అడిగాడు, వాళ్ల గతీ అదే. చేతిపంపు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడి సగం బిందె తెచ్చాడు. పొద్దున్నకల్లా ఇవ్వకపోతే ప్లాంటు పని పోతుందని, ఆ రెండున్నర బిందెలే ట్యాంకులో పోసి, నీళ్లు చిల్లు దాకా వచ్చేలా రాళ్లు ఆనించి వాల్చాడు. మిగిలినదంతా ఖాళీయే. చిల్లు చుట్టూ గీకి, అతుకు పట్టడానికి నవసాగరం రాశాడు.

“లోపలికి పో” అన్నాడు నాతో.

“ఏమైతది?”

“పో అంటున్న గదా.”

నేను గడప దాటి, ఆయన మంట దగ్గర పెట్టాడో లేదో ధబ్బుమని చప్పుడైంది. వెనక్కి పరుగెత్తాను. ట్యాంకు కుండలా ఉబ్బి అంచు వెంట చీలిపోయింది. ఆయన గోడకానుకొని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకొని దాన్నే చూస్తున్నాడు. తోలు కాలింది, రేకు అరచేతిని లోతుగా కోసింది. కొంగు ముడిని పళ్లతో లాగి విప్పాను. తాళం తీసి బిందె తర్వాత బిందె తెచ్చి ఆ చేతి మీద పోశాను.

“సాలు. పిల్లకుంచు” అన్నాడు.

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. తెల్లకోటు వేసుకున్న ప్రతి మనిషినీ అడిగాను, చెయ్యి పనిచేస్తదా సార్ అని. రేపు చూద్దామన్నారు. ఆయనకు తెలిసిన పని ఆ చేతిదే. వేరే పని ఆయనకు రాదు, నాకూ రాదు.

మర్నాడు పొద్దున డాక్టరు కట్టు విప్పి చూసి, లోపల నరాలు తెగాయనీ, బొటనవేలు, చూపుడువేలు ఇక ముడుచుకోవనీ చెప్పాడు. కాసేపటికి ఇంజనీరు వచ్చాడు. ఎలా జరిగిందండీ అని అడిగాడు.

“నాదే తొందర సార్. నీళ్లు సరిగ పోస్కోలే” అన్నాడు మా ఆయన.

నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. కొంగు కొసను పిడికిట్లో దాచుకున్నాను. ఇంజనీరు ప్లాంటు పని ఊసెత్తకుండా మా వాకిటికి వెళ్లి, ఆ చీలిన ట్యాంకును జీపులో వేయించుకొని వెళ్లిపోయాడు.