సగం వంతెనకు ఇన్‌ఛార్జి

రాజధాని నుంచి తనిఖీకి వచ్చిన ఆయన గొంతు ఆఫీసు వరండా చివరిదాకా వినిపిస్తోంది. వీధిలో ఇస్త్రీ కొట్టు నడిపే పిన్ని ఆ రోజు వరసలో నిలబడి ఉంది. మొగుడు పోనే పోయాడు, పోయినట్టు కాగితం మీద ముద్ర పడటానికి మాత్రం చెప్పులరిగేలా తిరుగుతోంది.

కిటికీ వెనక బల్ల దగ్గర కూర్చున్నది పిన్నికి సొంత అక్క కూతురే. కాగితాల మీద ముద్రలు వేయడం ఒక్కటే అప్పట్లో ఆమె పని. తనిఖీ ఆయన ఒక కాగితం తీసుకుని వెలుతురుకు పట్టి, వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అడిగాడు.

"ఏమ్మా, ఇది ప్రభుత్వ ముద్రా, చెమట మరకా?"

"చెమటేనండి," అంది ఆమె తలెత్తకుండా. "సిరా పంపండి, సిరా పంపండి అని అడిగీ అడిగీ పట్టిన చెమట."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. "సిరాలో నీళ్లు కలిపావా?"

"కలిపానండి. మీరు సీసా పంపి ఏడాది దాటింది. ఇక్కడ పిల్లలు పుట్టడం మానలేదు, పెద్దలు పోవడం మానలేదు. సిరా వచ్చేదాకా ఆగమని ఎవరికి చెప్పమంటారు? అదిగో, మా పిన్ని నిలబడే ఉంది. ఆగమని మా బాబాయికి మీరే చెప్పొస్తారా?"

వరండా అంతా గొల్లుమంది. ఆయన చివరికి తన సంచిలో ఉన్న సొంత సిరాబుడ్డిని బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. ఆ పూట నుంచే ఆమె వీధికంతటికీ ముద్రమ్మ అయింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పిన్ని మాత్రం ఇంకోటి కూడా చూసింది. గెలిచిన మనిషి, రేపు ఎవరైనా అడుగుతారేమోనని, ఆ సిరాబుడ్డికి రసీదు రాసి దాచుకుంటోంది.

తల్లి పోయాక ముద్రమ్మనూ, ఆమె తమ్ముణ్నీ పెంచింది పిన్నే. ఇస్త్రీ కొట్టు వెనక గదిలో, ఊరందరి బట్టల మడతల మధ్య పెరిగారిద్దరూ. తమ్ముడు తనకు నచ్చిన చొక్కా ఎవరిదైనా సరే తొడుక్కుని, ఒక పూట ఊరంతా తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మడతేసేవాడు. అక్క అలా కాదు. ఎవరి బట్టకైనా బొత్తాం ఊడి కనిపిస్తే, అది తన చేతిలోనే ఊడిందేమోనని అన్నం మానేసేది. "నీ కడుపులో పేగులకు బదులు భయాలున్నాయే," అని పిన్ని తిట్టేది. నోరు మాత్రం అచ్చం తనదే వచ్చిందని లోలోపల మురిసేది. తాను చదివింది నాలుగు అక్షరాలే అయినా, తన చేతి మీదుగా పెరిగిన పిల్ల ప్రభుత్వ ఆఫీసులో కూర్చుందని పిన్నికి ఉన్న అతిశయం అంతా ఇంతా కాదు. ఆ పిల్లకు పెళ్లీ అయింది. మొగుడు ఓడల్లో వంటవాడు. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ అందరి వంటలకూ వంకలు పెట్టి, మళ్లీ ఓడెక్కేస్తాడు. కాబట్టి ముద్రమ్మ మంచీ చెడ్డా ఎప్పుడూ ఇస్త్రీ బల్ల దగ్గరే తేలేవి.

ఇక ఊరి మంచీ చెడ్డా అంటారా, అవి రాజధానిలో తేలేవి. వీధి దీపం మార్చాలన్నా, మురుగు కాలువ మీద బండ వేయాలన్నా ఇక్కడి నుంచి ఉత్తరం వెళ్లాలి, అక్కడి నుంచి ఉత్తర్వు రావాలి. అది వచ్చేసరికి ఆ దీపం కింద ఆడుకోవలసిన పిల్లలకు మీసాలు మొలిచేవి. తర్వాత కొత్త చట్టం వచ్చింది. పాత పెద్ద జిల్లాలు రద్దయ్యాయి, చిన్న చిన్న డివిజన్లు పుట్టాయి. రోడ్లు, వంతెనలు, కాలువలు ఇకమీద పైవాళ్లను అడగనక్కర్లేదు, ఏ డివిజన్ సంగతి ఆ డివిజనే తేల్చుకోవచ్చన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ రాజధానిలో ఎవరో పటం ముందేసుకుని, కాలువ తిన్నగా ఉంది కదా అని దాని వెంటే గీత లాగారు. ఇవతలి గట్టు ఒక డివిజన్, అవతలి గట్టు ఇంకో డివిజన్ అయి కూర్చున్నాయి. ఇళ్లు ఇవతల, బిస్కెట్ల ఫ్యాక్టరీ అవతల, మధ్యలో పాత ఇనుప వంతెన. అది ఎవరి కింద పడిందో గీసినవాడు చూసుకోలేదు.

ఆఫీసులో పెద్దవాళ్లంతా తలా ఒక పెద్ద ఊరికి బదిలీ చేయించుకుని, గోడ గడియారంతో సహా వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో అందరికంటే పాతమనిషి ముద్రమ్మ. అలా ఆమె ఇన్‌ఛార్జి అయింది.

"ఇంకేం, రాణివి," అంది పిన్ని.

"గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది పిన్నీ," అంది ముద్రమ్మ. నవ్వుతుందేమోనని పిన్ని ఆమె ముఖంలోకి చూసింది. నవ్వలేదు.

వంతెన మీద ఎగువ పక్కనే నడవాలన్నది ఆ వీధి పిల్లలకు మాటలతోపాటు వచ్చే విద్య. దిగువ పక్క పలకలు ఎప్పుడో మెత్తబడ్డాయి. అందుకని వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ అందరూ ఎగువ కమ్మీ పట్టుకుని ఒకరి వెనక ఒకరు నడుస్తారు, ఎదురుపడితే నడిమధ్యలో ఒదిగి దారిచ్చుకుంటారు. తెలియక దిగువన అడుగేసిన కొత్తవాణ్ని అంతా కలిసి కేకలేసి ఇటు లాక్కుంటారు.

ఆ ఏడు వానలు పట్టి వదల్లేదు. వరద నీళ్లు వంతెన కాలును ఎగువ వైపే కోస్తూ వచ్చాయి. తిన్నగా ఉండే కమ్మీకి బొజ్జ వచ్చింది. ఇవతలి చివర మెట్టుకూ పలకకూ మధ్య వేలు పట్టే సందు, చెయ్యి పట్టేంత అయింది. జనం భయం వేసినకొద్దీ ఇంకాస్త ఎగువకే ఒదిగి నడిచారు. అది మంచి పక్క కదా మరి!

ముద్రమ్మ ఆఫీసుకు వెళ్తూ రోజూ వంగి ఆ సందులో చెయ్యి పెట్టి చూసేది. తన గట్టు వైపు వంతెన మూసే అధికారం చట్టం ప్రకారం ఇప్పుడు ఆమెదే. అయినా ఆమె చేసిన పని ఏమిటంటే, ఆ అధికారం వాడుకోవచ్చా అని అడుగుతూ రాజధానికి ఉత్తరం రాసింది.

పిన్ని నెత్తి కొట్టుకుంది. "ఇల్లు నీదేనే అని తాళంచెవి చేతిలో పెడితే, లోపలికి రావచ్చా అని గుమ్మంలో నిలబడి అడుగుతావుటే?"

"అడక్కుండా చేస్తే, ఎవరు చెయ్యమన్నారని రేపు నిలదీస్తారు పిన్నీ."

"ఇన్‌ఛార్జి చెయ్యమందని చెప్పు."

"నాకు నేనే చెప్పుకుంటే చెల్లుతుందా?"

ఇన్నేళ్ల అలవాటు మరి. ఎప్పుడు ముద్ర వేసినా ఇంకొకరి మాట కిందే వేసింది. తన మాట అంటూ ఒకటి కాగితం మీద ఎలా ఉంటుందో ఆమె ఎరగదు.

ఉత్తరం వెళ్లింది, ఉత్తరం వచ్చింది. వచ్చింది ఆమె రాసిన ఉత్తరమే. వంతెనలు చూసే శాఖ రద్దయినందువల్ల, తగు నిర్ణయం కోసం సదరు డివిజన్ ఇన్‌ఛార్జికి పంపుతున్నామని పైన ఒక ముక్క రాసి ఉంది. తన ఉత్తరం తనకే అందినట్టు తనే ముద్ర వేసుకుంది. ఆ ఉత్తరం వెళ్లి వచ్చేలోపు మెట్టు పక్క సందులో పిల్లవాడి తల పట్టేంత చోటు వచ్చింది.

ఆ సాయంత్రం ఇస్త్రీ కొట్టులో అక్కాతమ్ముళ్లకు మాటా మాటా పెరిగింది. తమ్ముడు ఫ్యాక్టరీలో బిస్కెట్ల పెట్టెలు మోస్తాడు.

"మూసేస్తావట కదా. మూసెయ్. ఊరవతల పెద్ద వంతెన మీంచి చుట్టూ తిరిగి బస్సులో వెళ్లేసరికి ఫ్యాక్టరీవాడు గేటు వేసేస్తాడు. నాలుగు రోజులు వరసగా ఆలస్యమైతే పేరు కొట్టేస్తాడు. వీధి వీధంతా ఇంట్లో కూర్చుంటే నువ్వు పెడతావా తిండి?"

"వంతెన కాలు జరుగుతోందిరా."

"వంతెన కాలు కాదు, నీ కాళ్లు. చిన్నప్పుడు మేడ మెట్లు కూడా కూర్చుని కూర్చుని దిగేదానివి."

"నువ్వు ఎగిరి దూకేవాడివి. మోచెయ్యి విరిగితే ఎత్తుకుని పరిగెత్తిందెవర్రా?"

పిన్ని ఇస్త్రీపెట్టెను ధడేలుమని దించింది. "చాల్లే ఆపండి. ఒకడికి భయం లేదు, ఒకతెకు భయం తప్ప ఇంకోటి లేదు. ఇద్దర్నీ కలిపి పిండితే సరైన మనిషి ఒక్కరైనా వచ్చేవారు."

తమ్ముడు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "అక్కా, మూస్తే జనం మీద పడతారే. ఎంతమందికని అడ్డం నిలబడను నేను?" ఈసారి ఎగతాళి లేదు. నిజంగానే బెంగగా అన్నాడు.

వాడు వెళ్లాక ముద్రమ్మ బల్ల మీద ఉన్న ఎవరిదో చొక్కా కాలరును వేళ్లతో నిమురుతూ కూర్చుంది. "మూశాక అది పడకపోతే, ఊరి తిండి చెడగొట్టిన పిరికిదాన్నంటారు. మూయకుండా పడితే..." అని ఆగిపోయింది. పిన్ని ఆ చొక్కాను ఆమె వేళ్ల కింద నుంచి లాక్కుని మళ్లీ ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి వచ్చి తిరిగి వెళ్తుండగా, వంతెన నడిమధ్యలో, అందరూ నమ్మిన ఆ ఎగువ పక్కనే పలక విరిగింది. వాడి కుడికాలు తొడ దాకా దిగబడిపోయింది. వెనక వస్తున్నవాళ్లు చంకలు పట్టి పైకి లాగారు. వాడు రక్తం కారే కాలికి తువ్వాలు చుట్టుకుని, గేటు వేసేస్తారంటూ కుంటుతూనే అవతలికి పరిగెత్తాడు. చూసినవాళ్లు నవ్వారు కూడా.

ముద్రమ్మకు కబురు ఆఫీసులో అందింది. వెంటనే అవతలి గట్టు ఇన్‌ఛార్జికి ఫోన్ చేసింది. ఆయన కొత్తగా వచ్చినవాడు, మహా మర్యాదస్తుడు.

"మీ సగం మీరు మూసుకోండి మేడం, మాకేం అభ్యంతరం లేదు. మా సగం గురించి పైకి రాశాం. జవాబు రానివ్వండి."

"సగం వంతెన ఎలా మూస్తారండీ? అటు ఎక్కినవాళ్లు మధ్యదాకా వచ్చి వెనక్కి తిరుగుతారా?"

"అది మీ జనానికి మీరు చెప్పుకోవాలి మేడం."

ఫ్యాక్టరీకి చేసింది. తమ డివిజన్ ఆఫీసు చెబితే తప్ప పట్టించుకోమన్నారు. తమ్ముడి ఫోన్ అందరి ఫోన్లలాగే గేటు దగ్గర పెట్టెలో పడి ఉంది. సాయంత్రం కూత కూసిందంటే పగటి షిఫ్టు మొత్తం ఒక్కసారి బయటపడుతుంది. పొద్దున ఎవరి వీలును బట్టి వాళ్లు దాటుతారు గానీ, సాయంత్రం అందరికీ ఇంటి మీదే ధ్యాస. గుంపుగా వస్తారు. అంతా ఎగువ పక్కకే వస్తారు.

వంతెన దగ్గర గొడవగా ఉందని తెలిసి పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కొట్టు తలుపు కూడా వేయకుండా వెళ్లింది. మెట్లకు అడ్డంగా ఆఫీసు బల్లలు రెండు పడేసి, గొలుసు కట్టి ఉంది. గొలుసుకు ఒక కొస అటెండరు చేతిలో, ఇంకో కొస ముద్రమ్మ చేతిలో. రెండో షిఫ్టుకు వెళ్లవలసినవాళ్లు మీద మీదకు వస్తున్నారు.

"ఆర్డరు చూపించు ముద్రమ్మా," అన్నాడు ముందున్న పెద్దమనిషి. బల్లకు అంటించిన కాగితం చూసి ముఖం చిట్లించాడు. "ఇందులో పైవాళ్ల సంతకం ఏదీ?"

"పైన ఎవరూ లేరన్నా. నేనే." అంటూ ఆమె గొలుసును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

"నువ్వేనా! నిన్న మొన్నటిదాకా..."

"నిన్న మొన్నటిదాకా ఏం చేశానో నాకు తెలుసు. ఇవాళ మూశాను. తిట్టుకుంటారా, తిట్టుకోండి. పెద్ద వంతెన మీంచి వెళ్లే బస్సు వీధి చివర ఆగుతుంది."

కాలువ ఎర్రగా సుడులు తిరుగుతోంది. వంతెన నడుము దగ్గర ఎక్కడో ఇనుము కిర్రుమంది. అరుస్తున్నవాళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ అరవడం మొదలుపెట్టారు. ముద్రమ్మ పిన్నిని చూసింది. గొలుసు వదలకుండానే రెండో చేత్తో పిన్ని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"పిన్నీ, నువ్వు అవతలి గట్టుకు వెళ్లాలి. ఇప్పుడే బస్సెక్కితే కూత కూసేలోపు చేరతావు."

"నేనా? నీ అటెండరు లేడూ?"

"వాణ్ని పంపితే, మా డివిజన్‌లో నీ పెత్తనమేంటని రేపు వాడి ఉద్యోగం ఊడగొడతారు. నేను కదిలితే ఈ గొలుసు ఊడగొడతారు. నిన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యడం ఎవరి వల్లా కాదు కదా."

మోకాళ్ల నొప్పుల సంగతి ఎత్తబోయిన పిన్ని, ఆమె ముఖం చూసి మాట మింగేసింది. "వెళ్లి ఏం చెయ్యనే?"

"మెట్లకు అడ్డంగా కూర్చో. తిడతావో, ఏడుస్తావో, కళ్లు తిరిగి పడిపోయినట్టు నటిస్తావో నీ ఇష్టం. ఒక్కరినీ ఎక్కనివ్వకు. ఎవరు చెప్పారని అడిగితే నా పేరు చెప్పు. తమ్ముడు కుంటుతున్నా అందరికంటే ముందే వస్తాడు, నాకు తెలుసు. నవ్వుతూ నిన్ను ఎత్తి పక్కన కూర్చోబెట్టాలని చూస్తాడు. వాడి కుడికాలు, తువ్వాలు కట్టింది, అది పట్టుకో. ఎంత అరిచినా సరే పిన్నీ, వదలకు."